తొలి కూలి – తరగతి గది

నవలను పాఠంగా చెప్పడం మన విద్యాలయాలకు కొత్త కాదు. కాని ఏ నవలను, ఏ వయసువారికి, ఏ చోట చెబుతున్నామన్న విచారణ మాత్రం మనలో తగినంతగా జరగలేదు. కావ్యపాఠానికి మనకు దీర్ఘమైన సంప్రదాయం ఉన్నది. పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం, రసం – ఈ మెట్లమీదుగా గురువు శిష్యుని చేయి పట్టుకొని నడిపించేవాడు. నవలకు అటువంటి మెట్లు ఏర్పడలేదు. అందుచేత దానిని ఉపవాచకమని ఒక మూలకు చేర్చి, కథాసంగ్రహం, పాత్రచిత్రణ, సందేశం అనే మూడు శీర్షికల కింద కుదించి, పరీక్షకు సిద్ధం చేయడం ఆచారమైనది. ఈ ఆచారంవల్ల అన్ని నవలలకూ కొంత నష్టం ఉన్నది. ఒక జాతి నవలకు మాత్రం సర్వనాశనమే. పదునాలుగు పదునైదేండ్ల బాలుడు మొట్టమొదటిసారి ఇల్లు విడిచి మరొకరి కింద పనికి కుదరడమే ఇతివృత్తంగా గల నవల అది.

ఇందుకు కారణం స్పష్టమే. రాజుల కథ చెప్పేటప్పుడు ఉపాధ్యాయునికి తెలిసినది విద్యార్థికి తెలియదు. ప్రణయకథలోను అంతే, కనీసం అట్లని ఇద్దరూ నటిస్తారు. తొలి ఉద్యోగం సంగతి వచ్చేసరికి ఈ క్రమం తలకిందులవుతుంది. వెనుక బల్లమీద కూర్చున్న పిల్లవాని అన్న నిరుడే బడి మానివేసి పనిలో చేరి ఉండవచ్చు. ఆ పిల్లవాడే సెలవుదినాలలో ఎక్కడనో నాలుగు రూకలు సంపాదించి తల్లి చేతిలో పెట్టి ఉండవచ్చు. నెలజీతంమీద బ్రతికే ఉపాధ్యాయునికంటె రోజుకూలి రుచి అతనికే బాగా తెలుసును. అటువంటి తరగతిలో ఈ నవలను ఎట్లా చెప్పవలెను? ఈ వ్యాసంలో విచారింపదలచినది ఈ ఒక్క ప్రశ్ననే. విచారణకు నేను ఎంచుకొన్న స్థలం అండమాన్ దీవులు. ఎంచుకొన్న గ్రంథం ముల్క్ రాజ్ ఆనంద్ 1936లో ఇంగ్లీషులో ప్రకటించిన ‘కూలీ’.

స్థలాన్ని గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3 లక్షల 80 వేల పైచిలుకు. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఓడ ఎక్కి వచ్చినవారు. కొందరు చేపలవేటకు, కొందరు అడవిపనికి, కొందరు రేవులలోను రోడ్లమీదను కాయకష్టానికి వచ్చినారు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ రేవుకు వెళ్ళినవారికి తూర్పుతీరపు జాలరిపల్లె యాస చెవిన పడుతుంది. దీవుల పాఠశాలలలో హిందీ, ఇంగ్లీషు, వంగభాష, తమిళంతోపాటు తెలుగుకు కూడ చోటు దొరికినది. అయినా ఆ పిల్లవాడు బజారులో మాట్లాడేది హిందూస్తానీ. ఇంట్లో వినేది కళింగాంధ్రపు పలుకుబడి. పుస్తకంలో చదివేది ఈ రెంటికీ దూరమైన తెలుగు. సముద్రానికి ఈవల ఉన్న మనం వ్రాసే తెలుగు ఆ తరగతి గదికి చేరేసరికి ఎంత బలం మిగిలి ఉంటుందో తెలుసుకోవడానికి అంతకంటె గట్టి పరీక్షాస్థలం లేదు.

ఆ పరీక్షకు తెలుగు నవలనే ఎన్నుకొనవచ్చుగదా అని పాఠకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల ఉన్నది. అందులో సుందరం చదువు ఎట్లా సాగినదో, ఆ చదువు బ్రతుకుకు ఎట్లా కొరగాలేదో ఎంతో నిగ్రహంతో చెప్పినారు. కాని అది చదువుకొనగలిగినవాని కథ. చాసో ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో డబ్బు లేక బడికి దూరమైన బాలుని అవమానం ఉన్నది, అది కథానిక, పైగా అది పని గడపకు ఈవలనే ఆగుతుంది. ‘ప్రజల మనిషి’ వ్రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్ననాట ఒక ఉపాధ్యాయుని ఇంట పనిచేస్తూ అక్షరాలు దిద్దుకొని, హోటలులో వడ్డన చేసి, ఆ తరువాత 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినవాడు. తొలి కొలువు నవలకు కావలసిన సామగ్రి అంతా ఆయన జీవితంలోనే ఉన్నది. ఆ వయసు పాఠకునికోసం ఆ జీవితం నవల కాలేదు. మనకు బాలసాహిత్యం ఉన్నది, పెద్దల నవల ఉన్నది. నడుమ వయసు పాఠకుని పేరు పెట్టి పిలిచే సాహిత్యం సన్నగా ఉన్నది. 2011లో మొదలైన సాహిత్య అకాడెమీ యువ పురస్కారం కూడ యువ రచయితకే గాని యువ పాఠకునికి కాదు. ఈ లోటువల్లనే ‘కూలీ’ని ఆశ్రయించవలసివచ్చినది. ఆనంద్ దీనిని పిల్లలకోసం వ్రాయలేదు. అయినా పదునాలుగేండ్లవాని తొలి పనిని ఇంత దగ్గరగా చూచిన భారతీయ నవల మరొకటి సులభంగా దొరకదు.

కథ అందరికీ తెలిసినదే అయినా క్లుప్తంగా స్మరించుకొందాము. కాంగ్రా కొండలలో మున్నూ అనే అనాథ బాలుడు. తండ్రి భూమి అప్పు కింద పోయినది. ఆ దిగులుతో తండ్రి, తిరుగలి విసరి విసరి తల్లి గతించినారు. అయిదవ తరగతి చదువుతూ ఉండగా పినతండ్రి అతనిని శ్యామ్‌నగర్‌కు తీసుకొనిపోయి ఒక బ్యాంకి గుమాస్తా ఇంట పనికి పెడతాడు. అక్కడనుంచి పారిపోయి దౌలత్‌పూర్‌లో పచ్చళ్ళ కర్మాగారంలో చేరుతాడు. ఆ కర్మాగారం దివాలా తీయగా ధాన్యపు అంగడిలో మూటలు మోస్తాడు. సర్కసువాళ్ళ ఏనుగు మావటివాని దయవల్ల బొంబాయి చేరి నూలుమిల్లులో పనిచేస్తాడు. సమ్మె, మతకలహం, ఒక దొరసాని కారు కింద పడడం, ఆమె వెంట సిమ్లాకు పోవడం, రిక్షా లాగడం, క్షయ, మరణం. ఇదంతా రెండేండ్ల లోపలి ముచ్చట. నవల ముగిసేసరికి అతనికి మీసాలు కూడ సరిగా రాలేదు.

ఇటువంటి కథను మన తరగతిలో రెండు విధాలుగా చెప్పడం పరిపాటి. రెండును మంచి ఉద్దేశంతో చెప్పేవే. మొదటిది జాలి పాఠం. బాలుని కష్టాలు ఒక్కొక్కటిగా వర్ణించి, వినేవారి కండ్లు తడి చేసి, బాలకార్మిక వ్యవస్థ దురాచారమని నిర్ధారించి ముగించడం. ఇందులో అసత్యం లేదు. కాని మన లాక్షణికులు కరుణరసాన్ని గురించి చెప్పిన ఒక షరతును ఇక్కడ జ్ఞాపకం చేసుకోవలెను. శోకం రసం కావడానికి సాధారణీకరణం జరగవలె. ఇది నాది, ఇది పరునిది అన్న భేదం తొలగవలె. పట్టణంలో సుఖంగా పెరిగిన విద్యార్థికి మున్నూ దుఃఖం పరునిది. రచయిత శిల్పం ఆ పరత్వాన్ని తొలగించగలదు. రేవులో పెరిగిన విద్యార్థికి అది తనది. దానిని తొలగించడం శిల్పానికీ కష్టమే. అట్టివానిముందు ఉపాధ్యాయుడు మున్నూపై జాలి కురిపిస్తే, ఆ జాలి ఆ పిల్లవానిమీద, వాని తండ్రిమీద, వాని అన్నమీద పడుతుంది. తనవారు తరగతిలో దయాపాత్రులుగా నిలబడినారని వానికి తోస్తుంది. అప్పుడు వాడు తల దించుకొంటాడు, పుస్తకం మూసివేస్తాడు.

రెండవది శ్రమ పాఠం. పని ఏదైనా గౌరవనీయమే, కష్టపడినవాడు పైకి వస్తాడు అని చెప్పడం. ఇది వినసొంపుగా ఉంటుంది. కాని ‘కూలీ’ దీనిని ప్రతి పుటలోను ఖండిస్తుంది. మున్నూ బద్ధకస్థుడు కాడు. ఎక్కడ పెట్టినా ప్రాణం పెట్టి పనిచేసినాడు. పైకి రాలేదు. ఈ నవలను శ్రమమాహాత్మ్యానికి ఉదాహరణగా చెప్పే ఉపాధ్యాయుని మాట విద్యార్థి పరీక్షలో వ్రాస్తాడు గాని నమ్మడు. పాఠంలో ఒక మాట, లోకంలో ఒక మాట అని వానికి ఒకసారి తెలిసిపోతే, ఇక ఏ నవలా వానికి నిజం చెప్పజాలదు.

ఈ రెండు మార్గాలూ విడిచిపెట్టి గ్రంథాన్ని మరొకసారి చదివితే ఒక సంగతి కనబడుతుంది. ఈ నవలకు స్థాయి శోకం కాదు, ఉత్సాహం. భరతుడు ఉత్సాహాన్ని వీరరసానికి స్థాయిగా చెప్పినాడు. మున్నూ వీరుడు కాడు. అయినా వాని మనస్సులో ఎడతెగక నిలిచినది ఉత్సాహమే. పట్నం చూడవలెనని, యంత్రాలు చూడవలెనని వానికి ఆశ. గుమాస్తా ఇంట తిట్లు తింటూనే యజమాని పిల్లలముందు కోతిలాగ ఆడి నవ్విస్తాడు. తాను పనివాడనన్న సంగతి మరచి వారి ఆటలో కలిసినందుకే తన్నులు తింటాడు. దౌలత్‌పూర్‌లో పొగ, వేడి, పులుపు వాసనలమధ్యకూడ ప్రభదయాళ్ దంపతుల ఆదరణకు పొంగిపోతాడు. బొంబాయి వీథులను చూచి అబ్బురపడతాడు. మిల్లులో మల్లుడైన రతన్ స్నేహంవల్ల తల ఎత్తి నడుస్తాడు. ఆనంద్ ప్రతిభ అంతా ఇక్కడ ఉన్నది. బాలుని కష్టాన్ని చెప్పడానికి బాలుని సంతోషాన్ని కొలతగా పెట్టుకొన్నాడు. ప్రతి మజిలీలోను వాని ఉత్సాహంలో కొంత ఖర్చవుతుంది. సిమ్లా చేరేసరికి మిగిలినది దగ్గు మాత్రమే. కరుణం పుట్టేది బాధనుంచి కాదు, ఉత్సాహం అరిగిపోవడంనుంచి.

తొలి కొలువు నవలను చెప్పవలసిన తీరు ఈ గ్రహింపునుంచే ఏర్పడుతుందని నా అభిప్రాయం. పదునైదేండ్ల పిల్లవాడు మొదటి కూలి అందుకొన్నప్పుడు వానికి కలిగేది దుఃఖం కాదు, గర్వం. తల్లి చేతిలో ఆ డబ్బు పెట్టిన క్షణాన వాడు ఇంటికి పెద్దవాడవుతాడు. ఈ గర్వం నిజమైనది. దీనిని తరగతిలో గుర్తించనివాడు ఆ పిల్లవానితో ఈ నవలను గురించి ఏమీ మాట్లాడజాలడు. గుర్తించిన తరువాత అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఈ ఉత్సాహాన్ని ఎవరు, ఎంతకు కొన్నారు? ఈ ప్రశ్న జాలిని దాటి విచారణకు దారి తీస్తుంది. విద్యార్థి దయాపాత్రుడు కాక పరీక్షకుడవుతాడు.

ఈ దృష్టితో చూస్తే నవల ఒక జమాఖర్చు పుస్తకంలాగ విప్పుకొంటుంది. శ్యామ్‌నగర్‌లో మున్నూ జీతం మున్నూ చేతికి రాదు, పినతండ్రి తీసుకొంటాడు. దౌలత్‌పూర్‌లో ఆదరణ ఉన్నది, అన్నం ఉన్నది. కాని ఇంటిబిడ్డతో సమానమన్న మాటలో కూలి లెక్క కలిసిపోయినది. ధాన్యపు అంగడిలో మొదటిసారి మూటకింత అని డబ్బు కంటబడుతుంది. ఆ మూటకోసం సాటి కూలీలను తోసుకొనిపోవలసివస్తుంది. బొంబాయి మిల్లులో పని దొరకడానికి మేస్త్రీకి దస్తూరీ, గుడిసెకు అద్దె, పఠాను అప్పుకు వడ్డీ పోను మిగిలినదే కూలి. సిమ్లాలో వాడు నౌకరో, రిక్షావాడో, దొరసాని ముచ్చటో తెలియదు. అందుచేత లెక్కే లేదు. అయిదు మజిలీలు, అయిదు రకాల కూలి. ఈ పట్టికను విద్యార్థులే నల్లబల్లమీద వ్రాయగలరు. ఉపాధ్యాయుడు పక్కకు తప్పుకొంటే చాలును. అంతమాత్రంచేత సాహిత్యపాఠం అర్థశాస్త్రపాఠం అవుతుందని భయపడనక్కరలేదు. పాత్రచిత్రణ, సంవిధానం, ధ్వని అన్నీ ఆ లెక్కలోనే ఉన్నవి. కూలి తన చేతికి రాని మున్నూ తానెవరని తన్ను ప్రశ్నించుకొన్నప్పుడు, ఫలానా బాబుగారి నౌకరునని తప్ప మరొక సమాధానం తోచదు. పేరు పోయి కొలువు మిగిలిన ఆ ఘట్టంకంటె పాత్రచిత్రణ వేరే ఏమున్నది?

ఈ నవల పేరుకే మన భాషతో ఒక సంబంధమున్నది. ఇంగ్లీషులోని ఆ మాటకు మూలం ద్రావిడ భాషలలోని ‘కూలి’ అని ఒక వాదం. పడమటి తీరపు కోలీ జాతి పేరని మరొక వాదం. మొదటి వాదం నిజమైతే మనకు ఆలోచింపదగిన సంగతి ఒకటి దొరుకుతుంది. తెలుగులో కూలి అంటే శ్రమకు ముట్టవలసిన ప్రతిఫలం. కూలివాడు అంటే దానికి హక్కుదారు. ఓడలమీద మనుష్యులను బర్మాకు, మారిషస్‌కు, నేటాలుకు, ఫిజీకి చేరవేసిన వ్యాపారపు భాషలో ఆ ప్రతిఫలపు పేరే మనిషి పేరైపోయినది. కోరంగి రేవుపేరు బర్మాలో తెలుగువారందరికీ పేరైనట్లే ఇదీను. ఆనంద్ కథంతా ఈ మాట చరిత్రలోనే ఇమిడి ఉన్నది: కూలి ఇతరులు తీసుకొన్నారు, మనిషికి ‘కూలీ’ అన్న పిలుపు మిగిలినది. అండమాన్ విద్యార్థికి ఇందులో మరొక మడత కనబడుతుంది. అక్కడ ప్రభుత్వ కాగితాలలో కనిపించే మాట ‘మజ్దూర్’. దినసరి మజ్దూర్ అన్నది ఒక ఉద్యోగవర్గం పేరు, ఎందరో కోరుకొనే స్థానం. ఇంటిలో కూలి, కార్యాలయంలో మజ్దూర్, తీరంనుంచి వచ్చే యాత్రికుని నోట లేబరు – ఒకే శ్రమకు మూడు పేర్లు, మూడు గౌరవాలు. ఈ భేదాన్ని విద్యార్థిచేత చెప్పించగలిగితే శబ్దశక్తి అంటే ఏమో వానికి వేరే బోధింపనక్కరలేదు.

ఇతర సాహిత్యాలతో పోల్చి చూస్తే ‘కూలీ’ విశిష్టత మరింత తేటపడుతుంది. చార్లెస్ డికెన్స్ పండ్రెండేండ్ల వయసులో, 1824లో, తండ్రి అప్పులకు ఖైదైన రోజులలో, బూటు పాలిషు చేసే కర్మాగారంలో పనిచేసినాడు. ఆ గాయమే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో సారాయి గిడ్డంగి ఘట్టమైనది. ఆ ఘట్టం అజరామరం. కాని డేవిడ్ దుఃఖంలో సగం, తాను చేరగూడని వారిలో చేరినానన్న దుఃఖం. వాడు పారిపోయి మేనత్త నీడ చేరుతాడు, మరల చదువుకొంటాడు, రచయిత అవుతాడు. వానితోపాటు సీసాలు కడిగిన మిక్ వాకర్, మీలీ పొటాటోస్ అనే కుర్రవాళ్ళు ఏమైనారని ఆ మహానవల అడుగదు. ఆనంద్ అడిగిన ప్రశ్న సరిగా అదే. గిడ్డంగిలో మిగిలిపోయిన కుర్రవానికి ఒక నవల ఇచ్చినాడు. మన తరగతులలో డేవిడ్ వంటివారు కొందరే, మిగిలిపోయేవారే ఎక్కువ. వారికి మేనత్త దొరుకుతుందని పాఠంలో ఆశ పెట్టడం న్యాయం కాదు.

గోర్కీ ఆత్మకథలోని రెండవ భాగం మరొక మార్గం చూపుతుంది. 1916లో వెలువడిన ఆ గ్రంథంలో బాలుడు చెప్పుల దుకాణంలో కుదురుతాడు, చిత్రకారుని ఇంట చాకిరి చేస్తాడు, వోల్గా నదిమీది స్టీమరులో గిన్నెలు కడుగుతాడు. ఆ ఓడ వంటవాడు స్మూరీ, మోటు మనిషి, పెట్టెనిండ పుస్తకాలున్నవాడు, ఆ బాలునిచేత చదివించుకొని వింటాడు. పనిలోనే చదువు పుట్టిన ఆ ఘట్టం మన దీవుల పిల్లలకు ఎంతో దగ్గరిది. ఓడ వంటయిల్లు వారికి వింత కాదు. మున్నూకు స్మూరీ దొరకలేదు. వానికి చదువుమీద మమత ఉన్నది. అయిదవ తరగతి చదివినానన్న అభిమానం ఉన్నది. కాని దౌలత్‌పూర్‌లో గాని బొంబాయిలో గాని వాని చేతికి పుస్తకమిచ్చి చదువుమన్నవారు లేరు. ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తే, పని చదువుకు శత్రువా అన్న ప్రశ్నకు విద్యార్థులే జవాబు వెదకుకొంటారు.

మన సాహిత్యంలో ఈ ప్రశ్నకు అన్నింటికంటె భయంకరమైన జవాబు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో ఉన్నది. 1964లో వెలువడిన ఆ కథలో అప్పల్రాముడి అప్పు కొడుకుకు, కొడుకునుంచి మనుమనికి దిగవలసి ఉన్నది. పుట్టిన బిడ్డ పాలేరుతనానికి పుట్టినట్లే. సీతారాముడు తన కొడుకును తానే నరికి ఆ వారసత్వాన్ని తెంచుతాడు. తొలి కొలువు మొదలుకాకముందే అంతమైన కథ అది. ‘కూలీ’లోను తండ్రి భూమి అప్పు కింద పోయిన నాడే మున్నూ కొలువు నిశ్చయమైనది. అయితే ఆనంద్ మున్నూను క్షత్రియకులంలో పుట్టించి, లోకంలో ధనికుడు, దరిద్రుడు అన్న రెండే జాతులున్నవని వానిచేత అనిపించినాడు. కారా మాస్టారు అంత తొందరపడలేదు. అప్పుకు కులం ఎట్లా తోడైనదో, ధర్మం పేరిట తీర్పు ఎట్లా సాగినదో నిదానంగా విప్పినారు. శ్రీకాకుళం సీమనుంచి సముద్రం దాటి వచ్చినవారి మనుమలకు ‘యజ్ఞం’ చదివించకుండ ‘కూలీ’ చదివిస్తే, తమ పెద్దలు ఓడ ఎందుకు ఎక్కినారన్నది వారికి సగమే తెలుస్తుంది.

‘కూలీ’ని ఇంతగా ప్రశంసించినంతమాత్రాన దాని దోషాలు దాచవలసిన పనిలేదు, తరగతిలో అసలే దాచరాదు. కథ మజిలీనుంచి మజిలీకి యాదృచ్ఛికంగా సాగుతుంది. రైలులో ఒక దయాళువు, సర్కసులో ఒక మావటివాడు, చివరకు ఒక కారు – రచయిత అవసరానికి తగినట్లు వచ్చిపోతూ ఉంటారు. సిమ్లా భాగంలో దొరసాని చిత్రణ వ్యంగ్యంవైపు మొగ్గి, మున్నూ వెనుకబడినాడు. బొంబాయి సమ్మెలో ఉపన్యాసాలు పాత్రల నోటికి సరిపోవు. ఇవి విద్యార్థులు స్వయంగా కనిపెట్టగల దోషాలు. గొప్ప నవలలోకూడ తప్పు పట్టవచ్చునని, అందుకు ఆధారం చూపవలెనని తెలుసుకోవడం వారికి సాహిత్యవిద్యలో ప్రథమ పాఠం.

అండమాన్‌లో ఈ గ్రంథానికి మరొక వ్యాఖ్యానం సిద్ధంగా ఉన్నది. 1858లో ఆ దీవులు శిక్షాస్థలమైనవి. 1896 మొదలు 1906 వరకు కట్టిన సెల్యులర్ జైలులో ఖైదీలు గానుగ తిప్పినారు, కొబ్బరి పీచు దంచినారు. 1922–24 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన్యంవారిలో కొందరిని అక్కడికే పంపినారు. ఆ గానుగను విద్యార్థులందరూ చూచినవారే. అక్కడ పని శిక్ష. శిక్షాకాలం కొంత గడచిన ఖైదీకి స్వయంగా సంపాదించుకొనే అనుమతి దొరికేది. అంటే కూలి చేతికి రావడమే స్వేచ్ఛకు మొదటి గుర్తు. ఈ చరిత్ర తెలిసిన పిల్లవాడు మున్నూ కథ చదివితే ఒక ప్రశ్న అడుగుతాడు: నేరం లేకుండ, జైలు లేకుండ, కూలి చేతికి రాని పని ఏ పేరుతో పిలువదగును? మా ఉపన్యాసాలు ఎన్నయినా ఈ ప్రశ్నకు సాటిరావు.

చట్టం మారలేదా అనవచ్చును. మారినది. 2009 విద్యాహక్కు చట్టం ఆరునుంచి పదునాలుగేండ్లవరకు బడి హక్కును ఇచ్చినది. 2016 సవరణ పదునాలుగేండ్ల లోపువారిని పనిలో పెట్టడాన్ని నిషేధించి, పదునెనిమిది లోపువారిని ప్రమాదకరమైన పనులకు దూరం చేసినది. కుటుంబపు పనిలో బడివేళల వెలుపల సాయపడడానికి మాత్రం మినహాయింపు ఉన్నది. ఆ సాయానికి కూలి ఉండదు, లెక్కా ఉండదు. మున్నూ వయసు పదునాలుగు. అనగా ఒక హక్కు ముగిసి మరొక రక్షణ అరకొరగా మొదలయ్యే గడప. ఆ గడపమీద నిలబడినవాడే మన తొమ్మిది, పది తరగతుల విద్యార్థి. ఇక ఆ తరగతిలోని బాలికల సంగతి. వారి తొలి పనిని గురించి ఈ నవలలో ఏమీ లేదు. యజమాని కూతురు, కార్మికుని భార్య, దొరసాని ఉన్నారు గాని కూలికి పోయే బాలిక మనస్సు లేదు. ఇంటిపని పనిగానే లెక్కకు రాని బాలిక ఉత్సాహాన్ని ఎవరు కొన్నారన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

చివరగా అనువాదం మాట. ఆనంద్ ఇంగ్లీషులో వ్రాసినా పంజాబీ, హిందూస్తానీ తిట్లను, లాలనలను, సామెతలను ఆ భాషలో యథాతథంగా దించినాడు. ఇంగ్లీషు చదువరికి అవి వింత. మనకు అవి ఇంటిమాటలు. ఆ వింతను నిలుపుతూ అనువదించడం వ్యర్థం. మున్నూచేత పుస్తకపు తెలుగు మాట్లాడిస్తే వాడు కొండబిడ్డ కాడు, మాస్టారి మేనల్లుడవుతాడు. రేవులో మూట ఎత్తేటప్పుడు, వల లాగేటప్పుడు, మేస్త్రీ పిలిచినప్పుడు ఉత్తరాంధ్ర శ్రామికుడు వాడే మాటలలోకి ఆ సంభాషణ రావలెను. అండమాన్ బజారు హిందూస్తానీ మాట అవసరమైనచోట దానిని తుడిచివేయరాదు. అటువంటి అనువాదానికి ఆ విద్యార్థులే సహాయకులు కాగలరు. శ్యామ్‌నగర్ భాగం ఒక్కటి తీసుకొని, ఒక్కొక్క సంభాషణను మీ ఇంటి మాటలో ఎట్లా అంటారని అడిగితే, పాఠమే అనువాదశాల అవుతుంది. తన ఇంటి మాట అచ్చులోకి ఎక్కదగినదని తెలిసినవాడు తెలుగును విడిచిపెట్టడు.

పరీక్ష ఉండక తప్పదు. కాని ‘మున్నూ పాత్రను చిత్రింపుము’ అన్న ప్రశ్నకు బదులుగా మున్నూ ఎక్కడెక్కడ నవ్వినాడు, ఆ నవ్వు ఎందుకు ఆగినది, వాని కూలి ఎవరి చేతికి పోయినది అని అడుగవచ్చును. ఈ ప్రశ్నలకు బజారునోట్సులో సమాధానం ఉండదు. పుస్తకంలో ఉంటుంది, విద్యార్థి అనుభవంలో ఉంటుంది. రచయితలకు మనవి ఒక్కటే. 1936లో ఇంగ్లీషులో పంజాబు బాలునికి దొరికిన నవల తెలుగు బాలునికి, తెలుగు బాలికకు ఇంకా దొరకలేదు. జంగ్లీఘాట్‌లో గాని, భీమిలిలో గాని, సూరతు మగ్గాల పేటలో గాని మొదటి కూలి అందుకొన్న చేయి మన భాషలో తన కథకోసం ఎదురుచూస్తున్నది. దానిని వ్రాసేవారు ఆ చేతిమీద జాలి పడనక్కరలేదు. ఆ చేతిలో పడిన డబ్బును, పడకుండ పోయిన డబ్బును సరిగా లెక్కపెడితే చాలును.